రోనా బండి మీద ఎవరి చెయ్యి పడాలి

లారీ మీంచి బండి దింపిన మనిషి ఇంజన్ ఒకసారి స్టార్ట్ చేసి చూపించి, కాగితాల మీద సంతకం పెట్టించుకుని వెళ్లిపోయాడు. రోనా మగోవన్ చేతి తొడుగు తీసేసి ట్యాంకు మీద అరచెయ్యి ఆనించింది. ఎర్ర ట్యాంకు, జంట సిలిండర్లు, ఏడు వందల సీసీ. ముప్పై ఎనిమిదేళ్ల బతుకులో ఎవర్నీ అడక్కుండా, తన కోసమే తెచ్చుకున్న వస్తువంటూ ఉంటే అదొక్కటే.

వెనకాల వంటింటి కిటికీ తెరుచుకుంది.

"అమ్మాయ్, ఇంకోసారి తిప్పు," అన్నాడు నోరిస్, ఆమె తండ్రి. బండి ఎక్కడిదనీ అడగలేదు, ఎందుకు కొన్నావనీ అడగలేదు. "గబగబా కాదు. నిమిషానికి రెండు వేల చుట్ల నుంచి నెమ్మదిగా పైకి తీసుకెళ్లు."

ఆమె అలాగే తిప్పింది. డెబ్బై ఆరేళ్ల మనిషి కళ్లు మూసుకుని, తల కిటికీలోంచి బయటికి పెట్టి విన్నాడు.

"మూడు వేల దగ్గర తడబడుతోంది. పెట్రోలు చాలట్లేదు దానికి. పొగ చట్టాలొచ్చాక కంపెనీ వాళ్లు అన్నిట్నీ ఇలా పథ్యం పెట్టి పంపిస్తున్నారు. నేను చూస్తాలే, నువ్వు కంగారుపడకు."

కిటికీ మూసుకుంది.  ఇంట్లోకి మళ్లీ బండి తెచ్చినందుకు ఆయన గొడవపడతాడనుకుంది. దానికైతే నెల రోజులుగా జవాబులు కూడబెట్టుకుంది. 'నేను చూస్తాలే' అంటాడని మాత్రం అనుకోలేదు.

ఉత్తర ఐర్లండులో ఆ మూల, డ్రమ్‌కీల్ ఊళ్లో, మగోవన్ అంటే ఇంజన్. ఏడాదికోసారి ఊరి రోడ్లే మూసేసి, కంచెల మధ్య, రాతి గోడల మధ్య మోటర్ సైకిల్ పందేలు నడిపే జిల్లా అది. నోరిస్ నలభయ్యేళ్లు ఆ పందెం ఇంజన్లకి చెవితో వైద్యం చేశాడు. చప్పుడు వింటాడు, ప్లగ్గు ఊడదీసి దాని మొన రంగు చూస్తాడు, కార్బురేటర్‌లో జెట్, అంటే పెట్రోలు కొలిచి వదిలే సన్న బెజ్జం ఉన్న ఇత్తడి ముక్క, మారుస్తాడు, అంతే. పెద్దకొడుకు ఐవర్‌ది వేరే దారి. ఊరి చివర పెద్ద షెడ్డు, అందులో బండిని కట్టేసి నిలబెట్టినచోటే పరిగెత్తించే రోలర్లు, పక్కన కంప్యూటర్. ఇంజన్‌కి ఎప్పుడెంత పెట్రోలు పోయాలో బండి మెదడులో కంపెనీ రాసిన లెక్కలు చెరిపేసి తన లెక్కలు రాస్తాడు. దూరపు ఊళ్ల నుంచి కూడా అతని దగ్గరికి బళ్లొస్తాయి.

తండ్రీకొడుకుల షెడ్ల మధ్య దూరం మైలున్నర. పన్నెండేళ్లుగా ఆ మైలున్నర ఇద్దర్లో ఎవరూ దాటలేదు.

పన్నెండేళ్ల కిందట చిన్నకొడుకు గ్లెన్ ఆ పందెంలో చచ్చిపోయాడు. తిన్నటి రోడ్డు మీద, ఆరో గేర్లో, ఇంజన్ పట్టేసింది. వెనక చక్రం బిగుసుకుపోయి బండి గోడకి కొట్టుకుంది. ఇరవై నాలుగేళ్లు వాడికి. ఆ ఇంజన్ కూర్చింది ఐవర్. అందులో జెట్లు వేసింది నోరిస్. పాతిపెట్టి వచ్చిన సాయంత్రమే వంటింట్లో ఇద్దరూ నిలదీసుకున్నారు.

"ఏ జెట్ వేశావు నాన్నా?"

"వేయాల్సిందే వేశాను. నువ్వు పిస్టన్‌కి ఎంత సందు వదిలావు?"

"వదలాల్సినంతే వదిలాను."

అంతే మాటలు. ఐవర్ ఆ రాత్రే ఇంటి నుంచి సామాను తీసుకుపోయాడు. పెట్రోలు తగ్గించి, ఇంజన్ వేడెక్కి పట్టేసేలా చేసి తండ్రే తమ్ముణ్ని చంపాడని కొడుకు నమ్మకం. ఇంజన్ బిగుతుగా కూర్చి అన్నే తమ్ముణ్ని చంపాడని తండ్రి నమ్మకం. ఊరు కూడా రెండుగా చీలింది. నోరిస్ దగ్గరికి వెళ్లేవాళ్లు ఐవర్ షెడ్డు తొక్కరు, ఐవర్ దగ్గరికి వెళ్లేవాళ్లు నోరిస్‌కి చర్చిలో తల మాత్రం ఊపుతారు.

రోనా బండి కొనేటప్పుడు ఇదంతా ఆలోచించలేదా అంటే, ఆలోచించింది. కొత్త బండికి ఎవరి చెయ్యీ అక్కర్లేదనుకుంది. షోరూములోంచి వచ్చింది వచ్చినట్టు నడుపుకుంటే చాలనుకుంది.

వారం తిరక్కుండానే ఆ అనుకోవడం కాస్తా పోయింది. బంగాళాదుంప విత్తనాల షెడ్డులో పని ముగించుకుని పెద్దరోడ్డు మీదికి తిరుగుతోంది. కుడివైపు నుంచి పాల ట్యాంకరు దూరంగా వస్తోంది, బోలెడు టైముంది. రోనా యాక్సిలరేటర్ తిప్పింది. బండి ముందుకి దూకబోయి, మూడు వేల దగ్గర గొంతులో మెతుకు అడ్డం పడినట్టు ఆగి, రోడ్డు నట్టనడుమ చచ్చి ఊరుకుంది. ట్యాంకరు కొట్టిన హారన్ ఆమె ఎముకల్లో మోగింది. కాళ్లతో నెట్టుకుంటూ ఇవతలి గడ్డిలో పడింది. ట్యాంకరు ఆమె మోకాలికి జానెడు దూరంలోంచి పోయింది.

షోరూముకి ఫోన్ చేస్తే, "ఈ రకం అన్నీ అంతేనండీ, అలవాటవుతుంది," అన్నాడు అక్కడి కుర్రాడు.

మర్నాడు షెడ్డులో దుంపలు కదిలే బెల్టుకి ఎదురుగా నిలబడి ఏరుతూ, పక్కనున్న సేడీ నవ్వింది. సేడీ ఆ షెడ్డులో అందరికన్నా పెద్దది, నోటికి అడ్డూ ఆపూ లేని మనిషి.

"ఇంట్లో ఇద్దరు వైద్యుల్ని పెట్టుకుని రోడ్డు మీద మూర్ఛపోయావటగా? ఎవరికి చూపిస్తున్నావు మరి, ముసలాయనకా, మీ అన్నకా? మా ఆయన అడగమన్నాడు. బీరు పందెం కాశాడు."

"ఎవరి మీద కాశాడు?"

"మీ నాన్న మీద. ఓడిస్తే ఊరుకోడు, ముందే చెప్తున్నా."

సరదాకన్న మాటే. కానీ రోనా చేతిలో దుంప కుళ్లిందో మంచిదో చూడకుండానే బెల్టు మీద వదిలేసింది.

ఆ సాయంత్రం నోరిస్ బల్ల మీద అగ్గిపెట్టెకన్నా కొంచెం పెద్ద డబ్బా ఒకటి పెట్టాడు. దాని ముఖాన మూడు చిన్న మరలు.

"ఇది మెదడుకీ ఇంజన్‌కీ మధ్య తీగలో కూర్చుంటుంది. ఒక మర కింది స్పీడుకి, ఒకటి మధ్యకి, ఒకటి పైకి. నువ్వు నడుపుతూ వెళ్లు, నేను వ్యాన్లో వెనకాలే వింటూ వస్తాను. అయిదు మైళ్లకోసారి ప్లగ్గు తీసి చూద్దాం. రెండు ఆదివారాల్లో అయిపోతుంది," అని సోడా రొట్టెకి వెన్న రాసుకుంటూ, తలెత్తకుండా అన్నాడు, "మనింట్లో బండి ముట్టుకుని చాలా కాలమైంది."

మూడు మరల్నీ వేలితో ఒక్కొక్కటే తడిమాడు. 

రెండ్రోజుల తరవాత ఐవర్ దుంపల షెడ్డు గేటు దగ్గర కారాపి నిలబడ్డాడు. నలభై అయిదేళ్ల మనిషి, మాట తక్కువ.

"పాల ట్యాంకరు డ్రైవరు నా కస్టమరే. అంతా చెప్పాడు," అన్నాడు. "శనివారం పదింటికి రోలర్లు ఖాళీ ఉంచాను. బండి తీసుకురా."

"నాన్న ఏదో డబ్బా తెప్పించాడు అన్నయ్యా."

"డబ్బానా? మరలు తిప్పేదా?" అతను నవ్వలేదు. "బండి మెదడుకి అబద్ధం చెప్పి ఎక్కువ పెట్రోలు పోయించే డబ్బా అది. అబద్ధం మీద నడిచే బండిని నడుపుతావా? ఎక్కడ ఎంత చాలట్లేదో నా తెర మీద గీతల్లో కనిపిస్తుంది. చెవిని నమ్మి ఒకణ్ని పోగొట్టుకున్నాం, చాలు. నిన్ను ఆయన చేతికి ఇవ్వను."

"ఇది ఉత్త బండి అన్నయ్యా. పనికి వెళ్లి రావడానికి."

"ఉత్త బండే అయితే నా దగ్గరికి తేవడానికేం?"

ఆ మాటతో ఆమెకి మొత్తం అర్థమైపోయింది. తండ్రి డబ్బా పెట్టించుకుంటే, ఆయన చెయ్యి తప్పు చేయదని ఊరందరి ముందూ చెప్పినట్టు. అన్న రోలర్లెక్కిస్తే, తండ్రే చంపాడని సంతకం పెట్టినట్టు. ఏదీ చేయకపోతే ఏదో ఒక రోజు ఏదో ఒక ట్యాంకరు జానెడు ఇవతలికి వస్తుంది.

అందుకని ఆమె మూడో దారి వెతికింది. సరిహద్దు దాటి డోనెగాల్‌లో కాలమ్ డెవెన్నీ అని ఒక మెకానిక్ ఉన్నాడని విన్నది. తీగల డబ్బా, మెదడు రాత, రెండూ చేస్తాడట. మగోవన్లతో ఏ సంబంధమూ లేదు. గురువారం సెలవు పెట్టి, తెల్లారుతూనే వానలో బయల్దేరింది. దారి పొడుగునా మూడు వేలు తగలకుండా, కింది గేర్లలో ఇంజన్‌ని అరిపిస్తూ వెళ్లింది. రెండు గంటల తరవాత అతని షెడ్డు ముందు హెల్మెట్ తీసేసరికి జుట్టులోంచి నీళ్లు కారుతున్నాయి.

డెవెన్నీ యాభై దాటిన లావుపాటి మనిషి. బండి చూశాడు, చప్పుడు విన్నాడు, తల పంకించాడు.

"మధ్యాహ్నానికి అయిపోతుంది. మెదడు రాసేస్తే సరి. ఏ పేరు మీద రాసుకోనమ్మా?"

"మగోవన్."

అతని పెన్ను ఆగింది. "డ్రమ్‌కీల్ మగోవన్లా?"

ఆమె ఊ అనకముందే ఆమె కళ్లు అతని వెనక గోడ మీద పడ్డాయి. పాత పందేల ఫోటోలు వరసగా ఉన్నాయి. మూడోదాన్లో గ్లెన్. హెల్మెట్ చంకలో పెట్టుకుని, ముందుపళ్ల మధ్య సందు కనపడేలా నవ్వుతూ. పక్కనే పాతికేళ్ల రోనా, చేతిలో జెట్ల పెట్టెతో.

డెవెన్నీ ఫోటో వంకా ఆమె వంకా మార్చి మార్చి చూశాడు. తరవాత కుర్చీ లాగి ఆమెని కూర్చోబెట్టాడు, టీ ఇచ్చాడు.

"ఏమీ అనుకోకు తల్లీ. నేను చేయలేను. మీ నాన్నగారు ఒక చలికాలం మొత్తం నాకు పని నేర్పారు. మీ అన్న ఫోన్లో ఎన్ని సందేహాలు తీర్చాడో లెక్కలేదు. వాళ్లిద్దరూ ఉండగా ఈ బండి మీద నేను చెయ్యేస్తే, వాళ్లిద్దరికీ చేతకాదని నేను చాటినట్టు. నీకు ఈ పని ఎక్కడికెళ్లినా ఎవరూ చేయరు. చేసేవాడు దొరికితే వాడికి పని రాదని అర్థం."

టీ తాగి మళ్లీ రెండు గంటలు వానలో వెనక్కి వచ్చింది.

ఇంటికొచ్చేసరికి నోరిస్ వంటింట్లో కూర్చుని ఉన్నాడు. డబ్బా బల్ల మీద లేదు.

"కాలమ్ ఫోన్ చేశాడు. మర్యాదస్తుడు," అన్నాడు. "నీ బట్టలు తడిశాయి, మార్చుకో."

"నాన్నా, నేను..."

"పరాయివాడి దగ్గరికి తీసుకెళ్లావు. ఐవర్ దగ్గరికి వెళ్లి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు. వాడికి నా మీద కోపం, వాడి కోపం నాకు తెలుసు. నీకు కోపం లేదు. నీకు భయం. నా చెయ్యి పడితే చస్తావని భయం." ఆయన గొంతు పెంచలేదు. "పన్నెండేళ్లు ఒకే కప్పు కింద ఉండి, నా టీ కలుపుతూ, నువ్వు కూడా అదే అనుకుంటున్నావన్నమాట."

కాదు అని ఆమె నోటిదాకా వచ్చింది. కాదు అంటే ఎందుకు కాదో చెప్పాలి. ఎందుకు కాదో ఈ భూమ్మీద రోనాకి ఒక్కదానికే తెలుసు. పన్నెండేళ్లుగా తెలుసు.

మేడ మీది తన గదిలోకి వెళ్లి, తడి బట్టలతోనే మంచం మీద కూర్చుంది. బీరువా అడుగున చెప్పుల పెట్టెలో, ఉన్ని గుడ్డలో చుట్టి ఉన్నాయవి. గ్లెన్ పోయిన మొదటి వారంలోనే చెప్పేసి ఉండేది. కానీ ఆ వారం తల్లి ఎడ్నా తిండి మానేసి, గోడకి తిరిగి పడుకుని ఒకే మాట అంటూ ఉండేది: "తప్పు వాడిది మాత్రం కాదు కదే. ఎవరిదో ఒకరిది, వాడిది కాదు. నా కాలికింద ఆ కాస్త నేలైనా ఉండనియ్యండి." రోనా ఉండనిచ్చింది. ఎడ్నా రెండేళ్ల తరవాత పోయింది. అప్పుడు చెప్పొచ్చు. కానీ అప్పటికే రెండేళ్లు దాచిన మనిషి అయింది. మూడో ఏడు మూడేళ్లు. ప్రతి ఏడూ, ముందటేడు చెప్పి ఉంటే తేలిక అయ్యేదనుకుంటూ వచ్చింది.

శనివారం పొద్దున రోనా తండ్రి ముందు కోటు పెట్టింది.

"ఐవర్ దగ్గరికి వెళ్తున్నాను. నువ్వూ వస్తున్నావు."

"మతిపోయిందా?"

"నువ్వు రాకపోతే ఇవ్వాళే బండి అమ్మేస్తాను. ఇంకెప్పుడూ ఏ బండీ ఈ గుమ్మంలోకి రాదు. నీ చెవితో ఒకసారి అక్కడ వినాలి, అంతే అడుగుతున్నాను."

ఆయన లేచి, కోటు దులిపాడు. తరవాత వేసుకున్నాడు. ఆమె బండి మీద ముందు, ఆయన పాత వ్యాన్లో వెనక. మైలున్నర పోవడానికి పది నిమిషాలు పట్టింది.

ఐవర్ తండ్రిని చూసి చేతిలో పానా కింద పెట్టాడు.  నోరిస్ గడప దగ్గరే ఆగిపోయాడు.

"లోపలికి రావడానికి చీటీ పంపాలా?" అన్నాడు ఐవర్ చివరికి.

"ఇక్కడ గాలి బాగుంది."

ఐవర్ బండిని రోలర్ల మీదికి ఎక్కించి, నాలుగు పక్కలా పట్టీలతో లాగి కట్టాడు. కంప్యూటర్ తీగ తగిలించాడు. ముందు పెద్ద ఫ్యాను పెట్టాడు. "ఎక్కి కూర్చో. నేను చెప్పినప్పుడు తిప్పు," అన్నాడు చెల్లెలితో.

రోనా ఎక్కింది. ఇంజన్ స్టార్ట్ చేసింది. చక్రం రోలర్ మీద తిరగడం మొదలుపెట్టింది. ఒక పక్క తెర వంక చూస్తూ అన్న, ఒక పక్క గడపలో కళ్లు మూసుకుని తండ్రి. ఎవరి దగ్గర ముందు నోరు విప్పినా ఒక పక్షం ఎంచుకున్నట్టే అవుతుంది. ఇద్దరూ ఒక్కసారే వినే చోటు ప్రపంచంలో ఇదొక్కటే.

ఆమె తాళం తిప్పి ఇంజన్ ఆపేసింది.

"ఏమైంది?" అన్నాడు ఐవర్.

"జెట్లు గ్లెన్ మార్చాడు," అంది రోనా. "పందేనికి ముందు. నాన్న టీ తాగడానికి వెళ్లాడు, నువ్వు పెట్రోలు తేవడానికి వెళ్లావు. జెట్ల పెట్టె తాళం నా దగ్గరుంది. వాడు అడిగాడు, నేను ఇచ్చాను. నాన్న వేసినవి నూట ఎనభైలు. వాడు అవి తీసి, పెట్రోలు తక్కువ పారే నూట డెబ్బైలు వేసుకున్నాడు. అప్పుడు ఎండగా ఉంది. రెండో రౌండుకి జల్లు పడి గాలి చల్లబడింది, ఆ గాలికి ఆ పెట్రోలు చాల్లేదు. ఎవరికీ చెప్పొద్దన్నాడు."

జేబులోంచి ఉన్ని గుడ్డ తీసి విప్పింది. అందులో గ్లెన్ తీసేసిన రెండు ఇత్తడి జెట్లు, చిటికెన వేలి గోరంతేసి.

నోరిస్ గడప దాటాడు. నడిచి వచ్చి ఒక జెట్ తీసుకున్నాడు. కళ్లజోడు కోసం వెతకలేదు. బొటనవేలి గోటితో దాని తల మీది అంకెల్ని తడిమాడు. మళ్లీ తడిమాడు.

"నేను ఇంజన్ విప్పితే నూట డెబ్బైలు ఉన్నాయి," అన్నాడు ఐవర్.  "నువ్వే వేశావనుకున్నాను నాన్నా."

"నూట డెబ్బైలా?" అన్నాడు నోరిస్. "అలాంటి గాలికి? నాకు ఒక్క మాట చెప్పలేదేంరా?"

"నువ్వు చెప్పనిచ్చావా?"

ఫ్యాను తిరుగుతూనే ఉంది. ఎవరూ ఆపలేదు.

"సందు ఎంత వదిలావు?" అన్నాడు నోరిస్.

ఐవర్ అంకె చెప్పాడు. పన్నెండేళ్లయినా తడుముకోలేదు.

"సరైనదే అది," అన్నాడు నోరిస్. "నేనైనా అంతే వదిలేవాణ్ని."

"నూట ఎనభై కూడా సరైనదే నాన్నా."

ఐవర్ పనిబల్లకి ఆనుకుని, రెండు చేతులతో దాని అంచు పట్టుకున్నాడు. నోరిస్ అతని దగ్గరికి వెళ్లి మోచెయ్యి పట్టుకున్నాడు. ఇద్దరూ అలా నిలబడ్డారు. రోనా కట్టేసిన బండి మీద కూర్చునే ఉంది.

కాసేపటికి ఐవర్ ఆమె వైపు తిరిగాడు.

"అమ్మ ఉన్నన్నాళ్లూ ఆవిడ తట్టుకోలేదని దాచావు, సరే. అది అర్థమవుతుంది. అమ్మ పోయి పదేళ్లయింది కదే రోనా. నా పెళ్లికి ఆయన రాలేదు. నా పిల్లల్ని ఆయన చర్చిలో దూరం నుంచి చూశాడు. నువ్వు నా పెళ్లికీ వచ్చావు, ఆయన టీ కూడా కలిపావు. మా ఇద్దరి మధ్యా నడుస్తూ నోరు మూసుకున్నావు."

"అవును," అంది రోనా. 

దిగిపోదామని కాలు ఎత్తింది. "కూర్చో," అన్నాడు ఐవర్. "మొదలుపెట్టిన పని పూర్తవ్వాలి."

ఆ తరవాత మూడు గంటలు జరిగింది ట్యూనింగ్. ఐవర్ మెదడులో కొత్త లెక్కలు రాసి, "తిప్పు," అనేవాడు. రోనా తిప్పేది. నోరిస్ ఆమె వీపు వెనక బోర్లించిన బకెట్ మీద కూర్చుని వినేవాడు. "నాలుగు వేల కింద ఇంకా సన్నగా దగ్గుతోంది," అనేవాడు. ఐవర్ తెర వంక చూసి, "మూడు వేల ఎనిమిదొందలు, అవును, గీతలో గుంట ఉంది," అనేవాడు. ఒకరి చెవి, ఒకరి గీత ఒకే చోట కలుస్తుంటే ఇద్దరి గొంతుల్లోనూ ఏదో ఉత్సాహం. "చూశావా?" "చూశాను, చూశాను. ఇంకొంచెం పెట్రోలు పొయ్యి." ఆ మాటలు ఆమె తల మీంచి, భుజాల మీంచి అటూ ఇటూ పోయాయి. ఆమెతో మాత్రం రెండే మాటలు: తిప్పు, ఆపు. మోకాళ్లు వేడికి కాలుతున్నాయి. తెర మీద స్పీడు నూట నలభై అని చూపిస్తోంది. ఎదురుగా ఫ్యాను, దాని వెనక సిమెంటు గోడ.

బండి తేనెలా తయారైంది. మూడు వేల దగ్గర ఏమీ తెలియనైనా తెలియదు. పాల ట్యాంకరు వచ్చే మలుపు దగ్గర అలా తాకితే ఇలా అవతలుంటుంది. సేడీ మొగుడి బీరు పందెం ఎటూ తేలలేదు.

నోరిస్ ఇప్పుడు ప్రతి శనివారం ఐవర్ షెడ్డుకి వెళ్తాడు. ఐవర్ ఇద్దరు కూతుళ్లు తాతని వెతుక్కుంటూ వ్యాన్ ఎక్కి కూర్చుంటారు. ఆదివారం భోజనం అక్కడే. రోనాకి వదిన హెదర్ ఫోన్ చేసి, కష్టపడి మాటలు ఏరుకుంటూ చెప్పింది: "నాకేం లేదు రోనా, నిజంగా. మా ఆయనకే కొంచెం టైము కావాలి. కొన్నాళ్లు నిన్ను పిలవకపోతే... ఏమీ అనుకోవుగా?" అనుకోనని రోనా అంది.

ఇంట్లో తండ్రి కోప్పడలేదు. ఉప్పు అందుకోమంటాడు, వానొచ్చేలా ఉంది అంటాడు, టీకి థాంక్స్ చెప్తాడు. అంతకుముందు ఎప్పుడూ టీకి థాంక్స్ చెప్పలేదాయన. ఆమె పని నుంచి వచ్చాక బండి తీసుకుని సముద్రం ఒడ్డుదాకా వెళ్తుంది. గాలి మొహాన కొడుతుంటే, అలా స్కాట్లండ్ ఓడ ఎక్కేసి వెళ్లిపోతేనో అనుకుంటుంది. ఆయన మోకాళ్లు గుర్తొస్తాయి. ఒక్కడే మెట్లెక్కలేడు, స్నానానికి చెయ్యి ఆసరా కావాలి. ఓడరేవు బోర్డు కనిపించే మలుపు దగ్గర బండి తిప్పుకుని, ఆరున్నరకల్లా వంటింట్లో ఉంటుంది.

"వెళ్లిపోరాదటే?" అంది సేడీ ఒకరోజు, దుంపల మీంచి తలెత్తకుండా. "బండి ఉంది, నడుస్తోంది."

"నడుస్తోంది," అంది రోనా.

అక్టోబరులో ఒక సాయంత్రం, పొయ్యిలో బొగ్గు వేసి లేస్తుంటే నోరిస్ పిలిచాడు.

"అమ్మాయ్."

నాలుగు నెలలుగా ఆయన ఆ పిలుపు పిలవలేదు. ఆమె బొగ్గు పటకారు పట్టుకునే ఆగిపోయింది.

"జెట్లు అడిగినప్పుడు వాడు ఏమన్నాడు? నువ్వు ఆ రోజు చెప్పలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పు."

రోనా పటకారు కింద పెట్టింది. "'నాన్న ఇంజన్‌కి నాయనమ్మలా కొసరి కొసరి వడ్డిస్తాడే,' అన్నాడు. 'కడుపు నిండిన గుర్రం నిద్రపోతుంది. కొంచెం ఆకలి మీదుంటేనే పరిగెడుతుంది' అని. నేను నవ్వాను. పెట్టె తెరిచాను."

నోరిస్ మొహంలో ఏదో కదిలింది. ముందు పెదవుల చివర, తరవాత గొంతులో. నవ్వాడు. నిజంగానే నవ్వాడు, భుజాలు ఊగేలా, కళ్లలోంచి నీళ్లు బుగ్గల గీతల్లోకి దిగేదాకా.

"నాయనమ్మలా," అన్నాడు. "దొంగవెధవ. ఇంకా? అప్పుడు ఏ చొక్కా వేసుకున్నాడు? పొద్దున ఏమైనా తిన్నాడా?"

ఆమె గుర్తున్నదంతా చెప్పింది. పొలంలో ఆవుల వాసన, వాడి బూటు తాడు తెగితే తను రిబ్బనుతో కట్టడం, జెట్ బిగిస్తూ వాడు వేసిన ఈల. ఎనిమిదింటికి ఆయన లేచి, ఆమె భుజం పట్టుకుని మెట్లెక్కి పడుకున్నాడు.

మర్నాడు పొద్దున మళ్లీ మామూలే. ఉప్పు, వాన, టీకి థాంక్స్. రోనా అనుకుంది, అంతే అన్నమాట, ఒక్క సాయంత్రానికే.

కానీ చీకటి పడ్డాక, గిన్నెలు కడిగి ఆమె కోటు అందుకోబోతుంటే, ఆయన పొయ్యి దగ్గర నుంచి ఎదుటి కుర్చీ వైపు చెయ్యి చూపించాడు.

"కూర్చో. మొదట్నుంచి చెప్పు. నేను టీకి వెళ్లిన దగ్గర్నుంచి."

నిన్నంతా చెప్పాను కదా అనబోయింది. బయట బండి తడుస్తోంది, దాని మీద కప్పు వేయాలి. ఆయన కళ్లు మూసుకుని, తల ఒక పక్కకి వంచి, వినడానికి సిద్ధంగా కూర్చున్నాడు.

రోనా కుర్చీ లాక్కుని కూర్చుని, "అప్పటికి ఎండగా ఉంది," అని మొదలుపెట్టింది.